కోత తప్పినా ఓర్చుకునే పంటలు: గోదావరి డెల్టాలో ఉమ్మడి తోటకు ఏం వేయాలి

బెండకాయను రోజు విడిచి రోజు కోయాలి. ఒక్క కోత తప్పితే పీచు పడుతుంది. కొస విరిస్తే టప్పున విరగదు, వంగుతుంది. ఆ ముదురు కాయ మొక్క మీద ఉన్నన్నాళ్లూ కొత్త కాపు కూడా మందగిస్తుంది. పెరట్లో పది మొక్కలున్న ఇంట్లో ఇది సమస్యే కాదు, పొయ్యి మీద నూనె పెట్టి వెళ్లి కోసుకొచ్చేస్తారు. అదే ఇరవై కుటుంబాలు కలిసి కౌలుకు తీసుకున్న అరెకరంలో అయితే, "ఇవాళ కోత వంతు ఎవరిది?" అన్నది తేలేలోపు రెండు మళ్ల బెండ ముదిరిపోయి ఉంటుంది.

ఉమ్మడి తోటకు పంటల జాబితా రాసేటప్పుడు ఈ సంగతి మొదటి వరసలో ఉండాలి. మామూలుగా మాత్రం చివర్లో గుర్తొస్తుంది. జాబితాలు ఎక్కువగా రైతుబజారు ధరల బోర్డు చూసి తయారవుతాయి. మొన్న టమాటా ఎంత పలికింది, నిన్న కొత్తిమీర కట్ట ఎంత అని. ధర మీద ఆశ తప్పేం కాదు. కానీ డెల్టాలో పంటను నిలబెట్టేవి వేరే ఉన్నాయి: నీళ్లు ఎటు పోతాయి, నేలలో చౌడు ఎంత, తోటకు ఎవరు ఎన్ని రోజులు వస్తారు, కౌలు ఎన్నేళ్లకు రాసుకున్నారు.

నీళ్లతోనే మొదలుపెట్టాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పటినుంచి ఇక్కడి పల్లెల లెక్కంతా కాలువల లెక్కే. సార్వా (వానాకాలం వరి), దాళ్వా (రెండో పంట వరి), ఆ తర్వాత ఏప్రిల్, మే నెలల్లో కాలువల కట్టివేత. వరికి ఇది ఎంత చక్కగా సరిపోతుందో కూరగాయలకు అంత ఇబ్బంది. ఎండ మండే రోజుల్లో, తోటకు తడి తప్పనిసరైన సమయంలోనే కాలువ ఎండుతుంది. జులై నుంచి అక్టోబరు దాకా మాత్రం చుట్టూ వరి చేలు నిండుగా నీళ్లు పెట్టుకుని ఉంటాయి, ఆ ఊట తోటలోకి వస్తుంది. డెల్టాలో నీళ్లు రాని కష్టం కన్నా నీళ్లు పోని కష్టం ఎక్కువ. బంకమట్టిలో రెండు రోజులు నీళ్లు నిలిస్తే మిరప, టమాటా తల వాల్చేస్తాయి. వేళ్లకు గాలి ఆడదు, ఆపైన వేరుకుళ్లు పట్టుకుంటుంది.

అందుకే వరి చేను కౌలుకు తీసుకుని కూరలు వేద్దామనుకునే సంఘం మొదటి ఖర్చు విత్తనాల మీద కాదు, మట్టి పని మీద పెట్టాలి. చుట్టూ మురుగు కాలువ తవ్వి, ఆ మట్టినే లోపలికి వేసుకుని, మూడు నాలుగు అడుగుల వెడల్పు, అడుగు ఎత్తున మళ్లు కట్టుకోవాలి. అటూ ఇటూ నిలబడితే నడిమధ్యకు చెయ్యి అందాలి, మడి తొక్కకూడదు. అంత పని చేసే ఓపిక లేకపోతే వానాకాలానికి తడి ఇష్టపడే పంటలే పెట్టుకోవడం తెలివైన పని. చేమ, తూటికూర, పొన్నగంటి కూరలకు నీళ్ల చెంత ఉండటమే సుఖం. బచ్చలి వీటి అంత కాకపోయినా టమాటా కన్నా ఎంతో నయం.

ఇక్కడ ఒక జాగ్రత్త. పొన్నగంటి, తూటికూర ఊరి మురుగు డ్రెయిన్ల గట్ల మీద దండిగా పెరుగుతాయి కదా అని అక్కణ్నుంచి కోసుకు రావడం మంచిది కాదు. ఈ మొక్కలు నీళ్లలో ఉన్నదాన్ని, మంచీ చెడూ రెండూ, లాగేసుకుంటాయి. తీగ ముక్కలు తెచ్చి శుభ్రమైన మడిలో నాటి, ఆ పాత ఆకు తీసేసి కొత్త చిగురు వచ్చాక తినాలి.

లంక భూముల (గోదావరి పాయల మధ్య దిబ్బల) కథ ఇంకోలా ఉంటుంది. ఒండ్రు, ఇసుక కలిసిన గుల్ల నేల. డెల్టాలో క్యారెట్, ముల్లంగి సూటిగా దిగే చోటు ఏదన్నా ఉంటే అదే. బంకమట్టిలో క్యారెట్ రెండు కాళ్లేసుకుని వస్తుంది. కాకపోతే జులై నుంచి సెప్టెంబరు దాకా లంక గోదారిది, మనది కాదు. 1986 ఆగస్టు వరద, 2022 జులై వరద చూసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. లంకలో ఉమ్మడి తోట పెట్టేవాళ్లు వరద తీశాక, అక్టోబరు చివర మొదలుపెట్టి జూన్ లోపు ముగించే పంటలే వేసుకోవాలి. శాశ్వత పందిళ్లు, కరివేపాకు వరసలు అక్కడ పెట్టడం అనవసరపు సాహసం.

సముద్రం వైపు, అంటే అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, ఇటు నరసాపురం, మొగల్తూరు దారిలో, అసలు సమస్య చౌడు. సముద్రపు ఉప్పు ఒకటి, రొయ్యల చెరువుల ఊట మరొకటి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలువ అంచున తెల్లటి పొర కనబడితే పంటల జాబితా సగం కొట్టేసుకోవాల్సిందే. ప్రామాణిక పద్ధతిలో కొలిచిన ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 1 దాటగానే బీన్స్, క్యారెట్ దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఉల్లి కూడా దాదాపు అంతే. టమాటా రెండున్నర దాకా తట్టుకుంటుంది, బీట్‌రూట్ నాలుగు దాకా. పాలకూర బీట్‌రూట్‌కు దగ్గరి చుట్టం, అందుకే అది కూడా చౌడుకు అంత తేలిగ్గా లొంగదు. గంగవావిలి అయితే చౌడులో కలుపు మొక్కలా పెరుగుతుంది, కలుపు అని పీకి పారేసే కూర అదే. భూసార పరీక్ష చేయించినప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగాలి: మట్టిలో ఎంత నీళ్లు కలిపి కొలిచారు? ఎక్కువ నీళ్లు కలిపితే అంకె తక్కువ వస్తుంది. ఆ అంకెను పుస్తకంలో అంకెతో నేరుగా పోల్చి ధైర్యం తెచ్చుకుంటే మోసపోతాం.

కోనసీమ వైపు ఖాళీ నేల దొరకడం కష్టం, దొరికేది కొబ్బరి తోట కిందే. అక్కడ చెట్టు వయసు అడగాలి. ఏడెనిమిదేళ్ల దాకా కింద ఎండ బాగానే పడుతుంది. తర్వాత ఇరవై, పాతికేళ్ల వరకు నీడ చిక్కగా ఉంటుంది. ఆపైన చెట్టు ఎత్తు పెరిగి మళ్లీ వెలుతురు దిగుతుంది. చిక్కటి నీడలో బెండ, వంగ వేస్తే మొక్క పొడుగ్గా సాగుతుంది, కాయ ఉండదు. ఆ నీడకు అలవాటైనవి కంద, పసుపు, అల్లం, తమలపాకు. చెట్టు మొదలు చుట్టూ ఆరడుగుల మేర తవ్వకూడదు, కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం అక్కడే ఉంటాయి. తోట యజమానితో మాట పడేది కూడా సరిగ్గా అక్కడే.

నేల, నీరు సరిపోయాయి అనుకుందాం. ఇప్పుడు చేతుల లెక్క. ఉమ్మడి తోటకు వచ్చేవాళ్లు ఉద్యోగాలు, కూలి పనులు, పిల్లల బడి చూసుకుని మిగిలిన వేళ వచ్చేవాళ్లు. శుభకార్యాల నెలలో వారం పాటు ఎవరూ రాకపోవచ్చు. కాబట్టి ప్రతి పంటనూ ఒకే ప్రశ్న అడగాలి: నిన్ను వారం రోజులు పట్టించుకోకపోతే ఏమవుతావు?

బెండ జవాబు ముందే విన్నాం. బీర రెండు మూడు రోజులు ఆగుతుంది, తర్వాత లోపల పీచు. దొండ నాలుగైదు రోజులు ఆగుతుంది, పండినవి ఎర్రగా కనిపించి తామే చెబుతాయి. పైగా తీగ ముక్క నాటితే చాలు, పందిరి ఉన్నంత కాలం రెండు మూడేళ్లు కాస్తుంది. గుమ్మడి, బూడిద గుమ్మడి కోతకొచ్చాక కూడా తొందర పెట్టవు. ముదిరిన కాయను తొడిమతో కోసి అటక మీద పెడితే నెలల తరబడి ఉంటుంది. సంక్రాంతి దప్పళానికీ, వేసవి వడియాలకూ చేతికందేది ఇదే. మునగ చెట్టు ఎవరు వచ్చినా రాకపోయినా తన పని తాను చేసుకుపోతుంది. పైగా ఆకు కూడా కూరే. ఆషాఢంలో తెలగపిండి వేసి మునగాకు వండే ఇళ్లకు మిగతా పదకొండు నెలలూ ఆ ఆకు వాడొచ్చని గుర్తుచేయడమే మిగిలింది.

ఈ పరీక్షలో మొదటి ర్యాంకు మాత్రం కందదే. కంద ఇక్కడి పంట, ఇక్కడి రుచి. బచ్చలితో కలిపి ఆవ పెట్టి వండే కంద బచ్చలి లేకుండా గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనం సాగదు. దురద లేని గజేంద్ర రకం కొవ్వూరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిందే. మే, జూన్ నెలల్లో నాటితే ఎనిమిది నెలలకు ఆకు పసుపుబారి కూలిపోతుంది. అదే కోత కబురు. ఆ తర్వాత కూడా కొన్ని వారాలు భూమిలో ఉంచేసి, కావలసినప్పుడు కావలసినంత తవ్వుకోవచ్చు. భూమే గిడ్డంగి.

లెక్క చూద్దాం. సెంటు అంటే 435 చదరపు అడుగుల చిల్లర. రెండున్నర అడుగుల ఎడంలో నాటితే సుమారు 70 గుంటలు పడతాయి. గుంటకు అరకిలో ముక్క చొప్పున 35 కిలోల విత్తనం కావాలి. మంచి నేలలో మూడు నాలుగు రెట్లు వస్తుంది, అంటే సెంటుకు 100 నుంచి 140 కిలోలు. ఇందులో గుచ్చుకునేది విత్తనం ఖర్చే. తొలి ఏడాది డబ్బు బాగానే పెట్టాలి. అందుకని మొదట రెండు సెంట్లే వేసి, వచ్చినదాంట్లో సగం విత్తనానికి పక్కన పెట్టుకుని, మరుసటి ఏడాది పెంచుకోవడం సంఘాల జేబుకు నప్పే పద్ధతి. ముక్కలు కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నడి కన్ను భాగం కాస్త వచ్చేలా కోయాలి. కోసిన ముక్కల్ని పేడ నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి నాటాలి. కన్ను లేని ముక్క మొలవడానికి చాలా ఆలస్యం చేస్తుంది, ఒక్కోసారి మొలవదు.

కంద మీద ఇంత చెప్పాక ఆకుకూరల దగ్గర ఇంకో రకం చిక్కు ఉంది. ఆకుకూర అందరికీ కావాలి, త్వరగా వస్తుంది, తేలిగ్గా పండుతుంది. అందుకే అందరూ ఒకేసారి విత్తేస్తారు. మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకు అనుకుంటే, ఇరవై కుటుంబాల్లో 80 మందికి రోజుకు 8 కిలోలు, నెలకు 240 కిలోలు. తోటకూర సెంటుకు 40 నుంచి 60 కిలోలు ఇస్తుంది. కాబట్టి ఐదారు సెంట్లు చాలు. ఆ ఆరు సెంట్లూ ఒకే రోజు విత్తితే నాలుగో వారంలో 240 కిలోలు ఒక్కసారి వచ్చి పడుతుంది. మూడు రోజులు ఊరందరికీ పంచి, మిగిలింది గేదెలకు వేసి, మరో నెల దాకా ఆకు లేకుండా కూర్చోవాలి. వారానికి సెంటున్నర చొప్పున విత్తితే అదే నేల ఏ రోజుకారోజు ఇస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి సేద్యం కార్యక్రమంలో 20 సెంట్ల 'ఏటీఎం' నమూనా అని ఒకటి ప్రచారంలో ఉంది. ఎప్పుడంటే అప్పుడు డబ్బు అన్న అర్థంలో పెట్టిన పేరు. పేరులో హడావిడి కాస్త ఎక్కువే, కానీ దాని అసలు బలం ఈ విడతల విత్తకంలోనే ఉంది.

విత్తే చెయ్యి కూడా ముఖ్యం. తోటకూర గింజ ఆవగింజలో నాలుగో వంతు కూడా ఉండదు. ఒట్టిగా చల్లితే ఒక చోట గుబురు, ఒక చోట బట్టతల. పదింతల ఇసుకలో కలిపి చల్లాలి. గోంగూరకు ఈ బెడద లేదు, గింజ పెద్దది, నేల అంతగా ఎంచదు, గట్టు మీద కూడా పెరుగుతుంది. ఒక కోత తప్పితే ఆకు కాస్త ముదురుతుంది తప్ప చెడదు, పచ్చడికి ఆ పులుపే మేలు. బచ్చలి తీగ కోసేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. చుక్కకూర, మెంతికూర, పాలకూర చలికాలానివి. వానలో విత్తి పోగొట్టుకోవడం ఎందుకు?

ఉమ్మడి తోటలో పురుగు మందుల గొడవ గురించి ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. నిన్న సాయంత్రం ఒకరు వంగ మీద మందు కొట్టారు, ఇవాళ పొద్దున్నే వేరొకరు తెలియక కోసుకెళ్లారు. సొంత పొలంలో జరగని ప్రమాదం ఇది. వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగు ఎంత మొండిదో పండించినవాళ్లకు తెలుసు. అలాగని వంకాయ లేని తోటకు ఈ జిల్లాల్లో ఎవరూ ఒప్పుకోరు. మధ్యేమార్గం ఒకటుంది. శీతాకాలానికి నలభై యాభై మొక్కలే పెట్టి, వాలిన కొమ్మ కొసల్ని వారానికోసారి తుంచి కాల్చేసే పని ఒక ఇంటికి అప్పజెప్పాలి. మిగతా జాబితాలో మందు అడగని పంటల వాటా పెంచుకోవాలి. బెండకు తెల్లదోమ వల్ల వచ్చే పల్లాకు తెగులు ఉంది. కోత బాధ, తెగులు బాధ రెండూ ఉన్నాయి కాబట్టి బెండను రోజూ తోటకు వచ్చే మనిషి ఉన్న సంఘాలకే వదిలేయడం మంచిది.

పందిరి చిక్కుడు గురించి ఒక అపోహ తీర్చాలి. ఎప్పుడు పడితే అప్పుడు విత్తితే పాదు పాకుతుంది, పందిరి నిండిపోతుంది, పూత మాత్రం రాదు. విత్తనం మంచిది కాదని తిడతారు. తప్పు విత్తనానిది కాదు, నాటు పందిరి రకాలు పగలు తగ్గితేనే పూస్తాయి. అందుకే ఆషాఢంలో పెట్టిన పాదు కార్తీకం దాకా ఆకుతోనే ఉండి, సంక్రాంతి నాటికి విరగకాస్తుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే ఆచారం ఈ కాపు రోజుల్లోకే సరిగ్గా వస్తుంది. ఫిబ్రవరిలో విత్తితే ఆ పందిరి ఆరేడు నెలలు ఊరికే నిండి ఉంటుంది. ఆ చోటు అప్పటికి కాకరకో పొట్లకో ఇచ్చుకోవాలి.

కొత్తిమీర, పుదీనా, కరివేపాకు అనగానే డబ్బు లెక్క మొదలవుతుంది. కొత్తిమీర ధర వేసవిలో, వానల్లో చుక్కలు చూస్తుంది. కారణం కూడా అదే, ఆ రోజుల్లో అది సరిగా పండదు. ఎండకు మొలక తక్కువ, మొలిచినది తొందరగా పూతకొస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి విత్తితే నలభై రోజుల్లోపే కోత. అప్పుడు ధర ఉండదు, ఇంటికి సరిపడా మాత్రం ఉంటుంది. ఉమ్మడి తోటకు అది చాలదా? పుదీనాకు కాస్త నీడ, నిలవని తడి కావాలి, చేతిపంపు పక్క మడి దానికి అచ్చొస్తుంది. వాము ఆకు కొమ్మ గుచ్చితే బతుకుతుంది, వానాకాలం సాయంత్రం బజ్జీలకు పది మొక్కలు చాలు. నిమ్మగడ్డి గట్టు జారకుండా పట్టుకుంటుంది. ఈ మధ్య కొన్ని జాబితాల్లో రోజ్‌మేరీ, థైమ్ కూడా కనిపిస్తున్నాయి. ఈ ఉక్కలో, ఈ బంకమట్టిలో అవి వానాకాలం దాటడం కష్టం. కుండీలో సరదాకి అయితే సరే.

మందు మొక్కల విషయంలో మోజు తగ్గించుకోవాలి. తులసి, సరస్వతి ఆకు, కలబంద వాడుకునేవాళ్లు ఉంటే పెట్టుకోవచ్చు. కానీ తిప్పతీగను పోలిన తీగలు, నేల ఉసిరిని పోలిన మొక్కలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఒకరు పెంచింది ఇంకొకరు కషాయం కాచుకునే చోట మొక్కను గుర్తుపట్టగలిగిన మనిషి లేకపోతే వాటిని వేయకపోవడమే క్షేమం.

ఇక కౌలు. ఏడాదికి రాసుకున్న నేలలో కరివేపాకు నాటడం ఇంకొకరికి బహుమతి ఇవ్వడమే. కరివేపాకు గుబురుగా వచ్చి నికరంగా కోత ఇవ్వడానికి రెండేళ్లు దాటుతుంది. ఏడాది మునగ ఆరు నెలలకే కాపుకొస్తుంది, అయినా దాని అసలు లాభం రెండో ఏడు కొమ్మలు కొట్టాక. సిమెంటు స్తంభాలు, జీఐ తీగతో (తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప తీగతో) శాశ్వత పందిరి వేయాలంటే కనీసం మూడేళ్ల కాగితం చేతిలో ఉండాలి. డ్వాక్రా సంఘాల మహిళలు కలిసి నేల తీసుకున్న చోట ఈ మాట నోటితో కాకుండా రాతలో ఉంటే తర్వాత తలనొప్పి ఉండదు. ఏడాది కౌలు అయితే ఆకుకూరలు, కంద, గుమ్మడి, వెదురు పందిరి మీద చిక్కుడు. అంతకు మించి భూమిలో పాతకూడదు.

అరెకరం, ఇరవై ఇళ్లు, ఏడాది కౌలు, వరి చేను నేల అనుకుంటే తొలి ఏడాది తోట ఇలా ఉంటుంది. మే నెల కాలువలు కట్టేసిన రోజుల్లో మట్టి పని, ఎత్తు మళ్లు. కంద రెండు సెంట్లు, ఆఖరి వారంలో, బిందెతో పోసే నీళ్లతోనే మొలకెత్తేలా. జూన్‌లో కాలువ వచ్చాక వారం వారం తోటకూర, గోంగూర, బచ్చలి. గట్ల మీద కంది, నిమ్మగడ్డి. ఆషాఢంలో చిక్కుడు పాదులు, గుమ్మడి. పల్లంగా ఉన్న మూల చేమ. అక్టోబరు తుపాను హడావిడి తగ్గాక వంగ నారు, టమాటా నారు, తర్వాత కొత్తిమీర, మెంతి, పాలకూర. అరెకరంలో పది సెంట్లు ఇంకా ఖాళీగానే మిగులుతాయి. వాటిని వెంటనే నింపాలన్న తొందర వద్దు, నవధాన్యాలు చల్లి దున్నేస్తే నేలకు ఎరువవుతుంది. జనవరి చివర కంద ఆకు కూలుతుంది. అప్పుడు తవ్విన మొదటి గడ్డల్లో గుండ్రంగా, దెబ్బ తగలకుండా ఉన్నవి ఏరి, మట్టి దులిపి, కొబ్బరి మట్టల నీడన పరిచి ఉంచాలి. వచ్చే మే నెలకు విత్తనం అవే.